గర్భిణులు, లిస్టీరియా: ఫ్రిజ్‌లో కూడా పెరిగే బ్యాక్టీరియా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గర్భంతో ఉన్నవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు తిండి గురించి మళ్ళీ మళ్ళీ అడుగుతున్న సందేహాలకు జవాబులివి. ఎక్కువ భాగం లిస్టీరియా గురించే. టైఫాయిడ్ పేరు వినని ఇల్లు మన దగ్గర లేదు, దీని పేరు విన్న ఇల్లు మాత్రం అరుదు. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు.

## ముందుగా తెలియాల్సినవి

లిస్టీరియా అంటే ఏమిటి? మామూలు ఫుడ్ పాయిజనింగ్‌కీ దీనికీ తేడా ఏమిటి?

లిస్టీరియా మోనోసైటోజెనిస్ ఒక బ్యాక్టీరియా. మట్టిలో, మురుగులో, పశువుల పేడలో, కుళ్ళిన గడ్డిలో ఉంటుంది. అక్కడి నుంచి పాలకు, మాంసానికి, కూరగాయలకు, తినుబండారాలు తయారుచేసే యంత్రాలకు అంటుకుంటుంది. మామూలు ఫుడ్ పాయిజనింగ్‌లో గొడవంతా పేగుల్లోనే. వాంతులు, విరేచనాలు అయి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. లిస్టీరియా పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్తుంది. గర్భిణుల్లో అక్కడి నుంచి మాయకు చేరుతుంది.

ఇది ఆహారం ద్వారా సోకుతుందని గట్టిగా తేలింది 1981లో, కెనడాలోని నోవా స్కోషియాలో. పచ్చి క్యాబేజీ సలాడ్ వల్ల వచ్చిన 41 కేసుల్లో 34 గర్భిణులవి, అప్పుడే పుట్టిన పిల్లలవి. ఆ క్యాబేజీ పండిన పొలంలో వేసింది, లిస్టీరియాతో గొర్రెలు చనిపోయిన మంద ఎరువు. కోసిన క్యాబేజీని చలికాలమంతా చల్లటి గిడ్డంగిలో ఉంచారు. మిగతా బ్యాక్టీరియాను ఆపే ఆ చల్లదనంలోనే ఇది పెరిగింది.

గర్భిణులకే ఎందుకు ఎక్కువగా వస్తుంది?

కడుపులో బిడ్డను పరాయి వస్తువని తోసేయకుండా ఉండేందుకు తల్లి శరీరం రోగనిరోధక శక్తిలో ఒక భాగాన్ని తగ్గించుకుంటుంది. లిస్టీరియాను అదుపు చేసేది సరిగ్గా ఆ భాగమే. ఈ బ్యాక్టీరియా కణాల లోపల బతుకుతుంది, కణం బయటికి రాకుండానే ఒక కణం నుంచి పక్క కణంలోకి దూరిపోతుంది. మాయ కణాల్లోకి వెళ్ళే దారి కూడా దానికి ఉంది. మిగతావాళ్ళతో పోలిస్తే గర్భిణులకు ఇది సోకే అవకాశం సుమారు 10 రెట్లు ఎక్కువని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. అయినా ఇది అరుదైన జబ్బే. భయపడి తిండి మానేయాల్సినంత తరచుగా వచ్చేది కాదు.

ఏ నెలలో ప్రమాదం ఎక్కువ?

ఎక్కువ కేసులు చివరి మూడు నెలల్లో బయటపడతాయి. మొదటి నెలల్లో వచ్చేవి తక్కువ, వస్తే మాత్రం గర్భం నిలవడం కష్టం. అందువల్ల జాగ్రత్త గర్భం తెలిసిన రోజు నుంచీ కాన్పు దాకా ఒకే తీరుగా ఉండాలి.

ఫ్రిజ్‌లో పెడితే క్రిములు పెరగవు కదా?

చాలావాటి విషయంలో నిజమే, దీని విషయంలో కాదు. 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా లిస్టీరియా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. డీప్ ఫ్రీజర్‌లో పెరుగుదల ఆగుతుంది, చావదు. వేడికి మాత్రం తట్టుకోలేదు, లోపలిదాకా 75 డిగ్రీలకు చేరిన పదార్థంలో అది మిగలదు. ఇంకో చిక్కేమిటంటే, ఇది పెరిగినా వాసన మారదు, రుచి మారదు. "వాసన చూశాను, బాగానే ఉంది" అనే మన పాత పరీక్ష ఇక్కడ పనిచేయదు.

## కొనేటప్పుడు, వండేటప్పుడు

పాలు కాచకుండా తాగొచ్చా? మాది పాడి ఇల్లు, పాలు మా కళ్ళ ముందే పితుకుతారు.

కళ్ళ ముందు పితికినా సరే, పచ్చిపాలు వద్దు. పొదుగు మీద పేడ మరక, పితికే చెయ్యి, బిందె, వీటిలో ఏదైనా చాలు. పైకి ఆరోగ్యంగా కనిపించే గేదె పాలలోనూ లిస్టీరియా, పశువుల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లా అనే మరో బ్యాక్టీరియా ఉండొచ్చు. పాలు పూర్తిగా పొంగు వచ్చేదాకా కాచి, మంట తగ్గించి, గరిటెతో తిప్పుతూ ఇంకో రెండు నిమిషాలు ఉంచితే సరిపోతుంది. ప్యాకెట్ పాలను డెయిరీలోనే 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేస్తారు కాబట్టి అవి పచ్చిపాల లెక్కలోకి రావు. ప్యాకెట్ మన ఇంటికి చేరేలోపు ఎండలో ఎంతసేపు ఉందో తెలియదు కనుక గర్భిణికి వాటినీ కాచి ఇవ్వడమే మేలు.

పెరుగు, మజ్జిగ, నెయ్యి కూడా మానేయాలా?

అక్కర్లేదు. కాచిన పాలు తోడుపెట్టిన ఇంటి పెరుగు మంచిదే, దాని పులుపు కూడా కొంత రక్షణ. నెయ్యి కాచినదే. పచ్చిపాల నుంచి తీసిన వెన్న అయితే కాచి నెయ్యి చేసుకున్నాకే వాడండి. బండి మీద మజ్జిగ, లస్సీల్లో అసలు అనుమానం పెరుగు మీద కన్నా అందులో వేసే ఐసు, నీళ్ళ మీద.

పనీర్ తినొచ్చా? పిజ్జా మీద చీజ్?

కూరలో ఉడికిన పనీర్ నిర్భయంగా తినండి. పచ్చి ముక్కలు సలాడ్‌లో వేసుకోవడం, కోసినప్పుడు నోట్లో వేసుకోవడం మాత్రం వద్దు. పనీర్ తయారీలో పాలు కాగుతాయి, కానీ ఆ తర్వాత గుడ్డలో పిండడం, నీళ్ళలో నానబెట్టడం, కోయడం అన్నీ చల్లగా, చేత్తో జరిగేవే. మళ్ళీ అంటుకునేది అప్పుడే. బకెట్ నీళ్ళలో తేలే విడి పనీర్ కన్నా తేదీ ఉన్న సీల్డ్ ప్యాకెట్ నయం. పిజ్జా మీద చీజ్ బుడగలు వచ్చేలా కాలుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. తేమ ఎక్కువగా ఉండే మెత్తటి చీజ్‌లు, నీలి బూజు చీజ్‌లు ఉడికించకుండా తినకూడదు.

మా ఊరి నుంచి జున్నుపాలు వచ్చాయి. జున్ను తినొచ్చా?

సరిగ్గా ఉడికితే తినొచ్చు. బెల్లం, మిరియాలు, యాలకులు కలిపి ఆవిరి మీద పెట్టాక మధ్యలో చాకు గుచ్చితే శుభ్రంగా రావాలి. మధ్య భాగం ఇంకా జారుడుగా ఉంటే లోపలికి వేడి చేరలేదన్నమాట. లోతు గిన్నె కన్నా వెడల్పు పళ్ళెంలో పలచగా పోస్తే సమంగా ఉడుకుతుంది. జున్నుపాలు పోసిన గిన్నె, కలిపిన గరిటె కడగకుండా ఉడికిన జున్నుకు వాడకండి.

బలమని రోజూ పచ్చి మొలకలు పెడుతున్నారు. మంచిదేనా?

మొలకలు మంచివే, పచ్చివి కాదు. పెసల లోపలి సందుల్లో ఉన్న బ్యాక్టీరియా, తడిగుడ్డలో వెచ్చగా ఉంచిన ఒకటి రెండు రోజుల్లో విపరీతంగా పెరుగుతుంది. ఎంత కడిగినా పోదు. ముఖ్యంగా సాల్మొనెల్లా, ఈ-కోలై రకాలకు ఇది అనువైన చోటు. ఐదు నిమిషాలు ఉడికించి గుగ్గిళ్ళలా తాలింపు వేసి పెట్టండి. పోయే విటమిన్ గురించి బెంగ వద్దు, దాన్ని నిమ్మరసంతో తెచ్చుకోవచ్చు.

బొప్పాయి తింటే గర్భం పోతుందంటారు. పండ్లలో ఏవి వద్దు?

బొప్పాయి మీద ఇళ్ళలో జరిగే చర్చలో సగం శ్రద్ధ, బండి మీద కోసి పెట్టిన పండ్ల ముక్కల మీద పెడితే బాగుండును. ఈ జబ్బు లెక్కలో చూడాల్సింది ఏ పండు అన్నది కాదు, ఎవరు కోశారు, ఎప్పుడు కోశారు అన్నది. ఖర్బూజా తొక్క గరుకుగా ఉండి మట్టిని పట్టుకుంటుంది. చాకు దిగినప్పుడు ఆ మట్టిలో ఉన్నది గుజ్జులోకి వెళ్తుంది. 2011లో అమెరికాలో ఖర్బూజాల వల్లే 147 మందికి లిస్టీరియా సోకి 33 మంది చనిపోయారు. కాయను కోయకముందే ధార నీటి కింద బ్రష్‌తో రుద్ది, తుడిచి, అప్పుడు కోయండి. కోసిన ముక్కలు వెంటనే తినండి.

రాత్రి మిగిలిన అన్నం, కూర పొద్దున తినొచ్చా? చద్దన్నం సంగతేమిటి?

వండిన పదార్థం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. మన ఎండాకాలంలో, గది వేడి 32 డిగ్రీలు దాటినప్పుడు, ఒక గంటలోపే. పెద్ద గిన్నెతో పెడితే మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, చిన్న వెడల్పు గిన్నెల్లోకి తీయండి. మర్నాడు తినేముందు కూర మధ్యలో కూడా బుడగలు వచ్చేలా మరిగించాలి. ఒకసారి వేడిచేసి మిగిలింది మళ్ళీ దాచొద్దు. మైక్రోవేవ్‌లో అయితే మధ్యలో ఆపి కలపాలి, లేకపోతే అంచులు కాలి నడుమ చల్లగా మిగులుతుంది.

చద్దన్నంలో భయపడాల్సింది లిస్టీరియా కన్నా బాసిల్లస్ సీరియస్ అనే మరో బ్యాక్టీరియా గురించి. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. అది వదిలే ఒక విషం మళ్ళీ వేడిచేసినా పోదు. గర్భం ఉన్న నెలల్లో రాత్రంతా బయట ఉన్న అన్నం పక్కన పెట్టడమే మంచిది. పొద్దున వండిన అన్నంలో పెరుగు కలుపుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

ఫ్రిజ్ ఎంత చల్లగా ఉండాలి? కరెంటు పోతే?

4 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ. మీటలో 1 నుంచి 5 దాకా ఉన్న అంకెలు డిగ్రీలు కావు. ఒక గ్లాసు నీళ్ళలో థర్మామీటరు ఉంచి మధ్య అరలో రాత్రంతా పెట్టి పొద్దున చూడండి. పచ్చి మాంసం, చేప మూతగిన్నెలో అన్నిటికన్నా కింది అరలో పెట్టాలి, కారినా ఇంకోదాని మీద పడదు. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంటే సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. అది దాటితే పాలు, వండినవి, మాంసం గర్భిణికి పెట్టొద్దు. ఏదైనా ఒలికితే వెంటనే తుడవండి, రబ్బరు అంచు మడతలతో సహా.

షవర్మా, మోమోలు, మయోనైజ్?

పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్ వద్దేవద్దు. హైదరాబాద్‌లో మోమోలు తిని జబ్బుపడిన ఘటనల తర్వాత తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు దాన్ని నిషేధించింది. అక్కడ ప్రధాన భయం సాల్మొనెల్లా. ఇంట్లో గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించండి. సాసేజీలు, సలామీలు ప్యాకెట్‌లో వండినవిలా కనిపించినా పొగలు వచ్చేలా వేడిచేశాకే తినాలి. దక్షిణాఫ్రికాలో 2017-18లో వెయ్యికి పైగా కేసులు, రెండు వందలకు పైగా మరణాలు తెచ్చిన పదార్థం ఇలాంటిదే, పోలోనీ అనే చల్లగా తినే మాంసం. ఆ రోగుల్లో నెల నిండని పసిబిడ్డలే పెద్ద వర్గం.

ఆవకాయ తినొచ్చా?

తినొచ్చు. ఆ ఉప్పు, పులుపు, నూనెల మధ్య ఇలాంటి బ్యాక్టీరియా పెరగలేదు. బీపీ ఉంటే ఉప్పు లెక్క వేరు.

మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడ ప్రత్యేకంగా దేన్ని చూసుకోవాలి?

డెలీ కౌంటరులో కోసిచ్చే మాంసం, చల్లటి స్మోక్డ్ సాల్మన్, దుకాణంలో కలిపి పెట్టిన చికెన్ సలాడ్, కెసో ఫ్రెస్కో లాంటి మెత్తటి తాజా చీజ్‌లు, ముందే కోసిన మెలన్ ముక్కలు. అక్కడ వచ్చిన పెద్ద వ్యాప్తుల్లో ఇవే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. 1985లో కాలిఫోర్నియాలో మెక్సికన్ తరహా చీజ్ వల్ల వచ్చిన 142 కేసుల్లో 93 తల్లీబిడ్డలవే. డెలీ మాంసాన్ని 165 ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్ దాకా వేడిచేస్తే తినొచ్చు. ఎనోకి పుట్టగొడుగులు పచ్చివి వద్దు, ఉడికించాలి. రీకాల్ ప్రకటన వచ్చినప్పుడు పేరు ఒక్కటే కాకుండా లాట్ నంబరు, తేదీ కూడా సరిచూడండి.

మాకు మేకలు, గొర్రెలు ఉన్నాయి. నేను వాటి పనులు చేయొచ్చా?

మేత వేయడం, నీళ్ళు పెట్టడం సరే. ఈనే సమయంలో దగ్గరకు వెళ్ళకండి. ఈసుకుపోయిన పిల్లను, మాయను ముట్టుకోవద్దు. ఆ స్రావాల్లో లిస్టీరియా, బ్రూసెల్లా రెండూ ఉండొచ్చు, రెండూ గర్భానికి చేటే. ఆ పని చేసినవాళ్ళ బట్టలు కూడా విడిగా ఉతకండి.

## తినేశాక అనుమానం వస్తే

నిన్న పచ్చి పనీర్ తిన్నాను, ఇప్పుడు చదివాను. ఏం చేయాలి?

ఒంట్లో బాగుంటే ఏ పరీక్షా, ఏ మందూ అక్కర్లేదు. అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంఘం సలహా కూడా ఇదే. కలుషితమని తేలిన పదార్థం తిన్నవాళ్ళలో కూడా ఎక్కువమందికి ఏమీ కాదు. ఏం తిన్నారో, ఏ తేదీనో ఫోనులో రాసి పెట్టుకోండి. రెండు నెలలపాటు జ్వరం వస్తుందేమో గమనించండి.

రెండు నెలలా? అంత ఆలస్యంగా వస్తుందా?

వస్తుంది. కడుపు వరకే పరిమితమైన రకం ఒక రోజులోనే కనిపిస్తుంది. రక్తంలోకి వెళ్ళే రకం గర్భిణుల్లో కొన్ని వారాల తర్వాత బయటపడుతుంది, ఒక్కోసారి 70 రోజుల దాకా పట్టొచ్చు. అందుకే "నిన్న ఏం తిన్నారు" అన్న ప్రశ్నతో దీని మూలం చాలాసార్లు దొరకదు.

## జ్వరం వస్తే

లక్షణాలు ఎలా ఉంటాయి?

జ్వరం, చలి, ఒళ్ళునొప్పులు, తలనొప్పి, నడుంనొప్పి, నీరసం. ఫ్లూ అనుకునేలా ఉంటాయి. విరేచనాలు ఉండొచ్చు, లేకపోవచ్చు. విరేచనాలు లేవు కాబట్టి తిండి వల్ల కాదు అనుకోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. తల్లికి రెండు రోజుల్లో తగ్గిపోయే జ్వరంగా వచ్చి, బిడ్డకు ప్రాణాంతకం కావడం ఈ జబ్బు స్వభావం.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి?

థర్మామీటరులో 100.6 ఫారెన్‌హీట్ దాటితే అదే రోజు వెళ్ళండి. బిడ్డ కదలికలు తగ్గినా, పొట్ట మాటిమాటికీ రాయిలా బిగుసుకుంటున్నా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, మెడ పట్టేసి తలనొప్పి తీవ్రంగా ఉన్నా, మనిషి తికమకగా మాట్లాడుతున్నా అర్ధరాత్రి అయినా సరే 108కి ఫోన్ చేయండి.

పారాసిటమాల్ వేసుకుని చూడొచ్చా?

జ్వరం తగ్గించడానికి వేసుకోవచ్చు, గర్భిణులకు వాడే మందే. వేసుకునేముందు జ్వరం ఎంత ఉందో చూసి రాసుకోండి. మాత్రతో తగ్గిందని ఆసుపత్రి ప్రయాణం మానుకోవద్దు. మెడికల్ షాపులో అడిగి యాంటీబయోటిక్ తెచ్చుకోవడం మాత్రం రెండు రకాలుగా నష్టం. కొన్ని గర్భంలో పడవు. పడేది ఒక్క డోసు వేసుకున్నా తర్వాత రక్తపరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు.

వైడల్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. అంటే టైఫాయిడేనా?

అంత తేలిగ్గా చెప్పలేం. పాత ఇన్‌ఫెక్షన్ వల్ల, టీకా వల్ల, వేరే జ్వరాల వల్ల కూడా వైడల్ పాజిటివ్ వస్తుంది. లిస్టీరియా గురించి అది ఏమీ చెప్పదు. గర్భిణికి జ్వరం వస్తే యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి గుర్తించే పరీక్ష, తీయించడం ముఖ్యం. టైఫాయిడ్‌నూ లిస్టీరియానూ రెంటినీ పట్టించే పరీక్ష అదే. టైఫాయిడ్ కూడా గర్భానికి చిన్న జబ్బేమీ కాదు.

విరేచనాలు అవుతున్నాయి, జ్వరం లేదు. ఇంట్లో ఏం చేయొచ్చు?

ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, విరేచనం అయిన ప్రతిసారీ ఒక గ్లాసు కొద్దికొద్దిగా తాగండి. సగం ప్యాకెట్ ఒక గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై ఇంకా కీడు. చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకు చేసినవి, వెనక రాసింది చదవండి. విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. మలంలో రక్తం పడినా, మూత్రం ముదురు రంగులో తక్కువగా వస్తున్నా, 24 గంటల్లో తగ్గకపోయినా డాక్టరును కలవండి.

## ఆసుపత్రిలో

డాక్టరుకు ఏం చెప్పాలి?

జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎంత దాకా వెళ్ళింది, ఇప్పటికే ఏ మందులు పడ్డాయి, రెండు నెలల్లో పచ్చిపాలు, ఉడకని చీజ్, చల్లటి మాంసం లాంటివి తిన్నారా. "లిస్టీరియా కూడా చూస్తారా?" అని అడగడంలో తప్పులేదు. ల్యాబులో ఈ బ్యాక్టీరియా చర్మం మీద మామూలుగా ఉండే డిఫ్తీరాయిడ్స్ అనే బ్యాక్టీరియాలా కనిపించి, కలుషితమైన శాంపిల్ అని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. గర్భిణి రక్తమని, లిస్టీరియా అనుమానమని కాగితం మీద రాసి పంపితే ఆ పొరపాటు తప్పుతుంది. మలపరీక్ష, యాంటీబాడీ పరీక్ష దీనికి పనికిరావు.

ఏ మందు ఇస్తారు?

ఆంపిసిలిన్, నరం ద్వారా, పెద్ద మోతాదులో. సాధారణంగా 4 గంటలకోసారి 2 గ్రాములు, కనీసం 14 రోజులు. అవసరాన్ని బట్టి జెంటామైసిన్ కలుపుతారు. అనుమానం బలంగా ఉంటే కల్చర్ రిపోర్టు కోసం ఆగకుండానే మొదలుపెడతారు.

ఇక్కడ మన దగ్గర ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. జ్వరం అనగానే టైఫాయిడ్ అనుమానంతో సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్ రాయడం మామూలు. ఈ సెఫలోస్పోరిన్ జాతి మందులేవీ లిస్టీరియా మీద పనిచేయవు. ఇంజెక్షన్లు పడుతున్నాయన్న ధైర్యంతో రోజులు గడిచిపోతాయి. పెన్సిలిన్ పడనివాళ్ళకు కోట్రైమోక్సజోల్ లాంటి వేరే దారులున్నాయి. మొదటి మూడు నెలల్లోనూ కాన్పు దగ్గరపడినప్పుడూ దాన్ని ఆచితూచి వాడతారు. చిన్నప్పుడు ఎప్పుడో దద్దుర్లు వచ్చాయని "పెన్సిలిన్ పడదు" అనేస్తే మంచి మందు చేజారుతుంది, అప్పుడు ఏం జరిగిందో వివరంగా చెప్పండి.

బిడ్డ దక్కుతుందా?

లిస్టీరియా సోకిన గర్భాల్లో సుమారు నాలుగింట ఒకటి గర్భస్రావంగానో, కడుపులోనే చనిపోవడంగానో, పుట్టిన కొద్ది రోజుల్లో మరణంగానో ముగుస్తోంది. మిగిలినవాళ్ళలో నెలలు నిండకుండా పుట్టేవాళ్ళు ఎక్కువ. తొందరగా పట్టుకుని సరైన మందు ఇచ్చినప్పుడు గర్భం కొనసాగి ఆరోగ్యంగా బిడ్డ పుట్టిన సందర్భాలూ ఉన్నాయి. తల్లి దాదాపు ఎప్పుడూ కోలుకుంటుంది.

## కాన్పు తర్వాత

పుట్టిన బిడ్డను ఎలా గమనించాలి?

కొందరిలో జబ్బు మొదటి వారంలోనే, ఎక్కువగా ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది. ఊపిరి కష్టంగా తీయడం, రక్తంలో ఇన్‌ఫెక్షన్, ఒక్కోసారి ఒంటి మీద చిన్న పొక్కులు. ఇంకొందరు బాగానే పుట్టి రెండు వారాల వయసులో మెదడు పొరల వాపుతో వస్తారు. పాలు తాగకపోవడం, విసుగు, మత్తు, జ్వరం లేదా ఒళ్ళు చల్లబడటం, మాడు ఉబ్బడం కనిపిస్తే గంటలు లెక్కే. నెలలు నిండని కాన్పులో ఉమ్మనీరు ఆకుపచ్చగా, గోధుమరంగులో ఉండటం డాక్టర్లకు ఒక ఆనవాలు. తల్లికి జ్వరం ఉండి కాన్పయితే మాయను పారేయకుండా కల్చర్‌కు, పాథాలజీకి పంపమని అడగండి.

పాలివ్వొచ్చా?

ఇవ్వొచ్చు. తల్లికి వాడే ఆంపిసిలిన్ వల్ల పాలు మానాల్సిన పనిలేదు. బిడ్డ ఐసీయూలో ఉంటే పాలు పిండి పంపండి, చేతులు, గిన్నె, స్పూను శుభ్రంగా ఉంచుకోండి.

మళ్ళీ గర్భం వస్తే మళ్ళీ ఇదే జరుగుతుందా?

సాధారణంగా జరగదు. పూర్తి కోర్సు వైద్యం అయ్యాక ఇది ఒంట్లో దాక్కుని వచ్చే గర్భం కోసం ఎదురుచూసే జబ్బు కాదు. దీనికి టీకా లేదు. ముందుగా మందులు వాడాల్సిన అవసరమూ లేదు. మొదటి చెకప్‌లోనే పాత రిపోర్టులు, ముఖ్యంగా కల్చర్, మాయ పాథాలజీ కాగితాలు డాక్టరుకు చూపించండి. వరుసగా గర్భస్రావాలు అవుతుంటే లిస్టీరియా మీద నెట్టేయకుండా థైరాయిడ్, షుగర్, ఏపీఎల్ఏ (రక్తం గడ్డకట్టేలా చేసే ఒక రకం యాంటీబాడీలు) లాంటి వేరే కారణాలు వెతికించాలి.